పదిహేడో నంబరు

"డాక్టరేట్ వచ్చేసింది పిన్నీ!" అంటూ సౌభాగ్య మిఠాయి పెట్టె అందించింది. బిలాస్‌పూర్‌లోని తోర్వా పేటలో రైల్వే గ్యాంగ్‌మన్ భార్య అచ్చియమ్మ ఇంటి నూతి నీళ్లనూ, ఆమె మనవరాలి రక్తాన్నీ తన పరిశోధన కోసం మూడేళ్లు పరీక్షించింది.

"అంతా మా నూతి సలవే! ఇంతకీ నీళ్లలో ఏటుందే?"

"సీసం. పిల్లల మెదడుకి విషం. మొదటి నెలలోనే తెలిసింది."

అచ్చియమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి మాకు సెప్పలేదేటి?"

"చెబితే తాగడం మానేస్తారు కదా. పరిశోధన ఆగిపోతుందని మా సార్ వద్దన్నారు."

గుమ్మంలో ఆరేళ్ల మనవరాలు లాస్య కూర్చుని ఉంది. ఆ పిల్లకింకా మాట రాలేదు.

"నా పాపమే దానికి తగిలిందని రతన్‌పూర్ అమ్మోరికి మొక్కుతన్నాను. నువ్వు పక్కనే కూసుని ఇన్నావు."

అచ్చియమ్మ మిఠాయి పెట్టె పక్కకి నెట్టేసింది.

"నీ పుస్తకంలో దీని పేరు రాసేవా?"

"పేర్లు రాయకూడదు పిన్నీ. పదిహేడో నంబరని రాశాను."

అచ్చియమ్మ లేచి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"దీనికి ముందు పదారు మంది పిల్లలున్నారు కదా. ఆళ్ల ఇళ్లు సూపించు. పద."