దిష్టి కవర్

కొత్త కారుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాలా వద్దా అని ఆదివారం పొద్దున్నే తల్లీకొడుకులకి మాటామాటా వచ్చింది.

"షోరూములో లోను కాగితాల మీద సంతకాలప్పుడు ఇన్సూరెన్సుతో పాటు దిష్టి కవర్ కూడా అంటగట్టారుగా అమ్మా. వీధిలో అన్ని కార్లకీ అదే. ఇంకా ఈ దండలెందుకు?" అన్నాడు భాస్కరం.

"సంతకం పెడితే దిష్టి పోతుందిట్రా?" అందావిడ.

హైమ నవ్వాపుకుని భర్త వెనకే బయటికొచ్చింది. దిష్టి కవర్ ఉన్న కారు ఎదుటివాళ్ల కళ్లు చూస్తుంది. అసూయ కనిపిస్తే ఆ మనిషికి ఇక తలుపు తెరవదు.

అందరూ గుడికి బయల్దేరారు. అత్తగారికీ హైమకీ తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. వాళ్లతోనే ఆ ఇంట్లో ఉంటున్న ఆడపడుచు వకుళ దగ్గరికి రాగానే మూసుకున్నాయి. వకుళ పట్టి లాగినా కదల్లేదు. ముగ్గు వేస్తున్న ఎదురింటావిడ చెయ్యి ఆపి చూసింది.

"మీరెళ్లి రండి వదినా, నేను ఈలోగా పప్పు పొయ్యి మీద పడేస్తాను," అంది వకుళ నవ్వుతూనే.

ఆరేళ్లుగా పక్కపక్కన కూర్చుని కూరలు తరుగుతున్నా ఆ కళ్లలో హైమకి అసూయ ఏనాడూ కనిపించలేదు. అయినా గుడి దాకా ఆ కళ్లనే తలుచుకుంటూ వెతుకుతూనే ఉంది.

మధ్యాహ్నం వకుళ వడ్డిస్తుంటే భాస్కరం అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

"షోరూము వాళ్లతో మాట్లాడాను. రేపట్నుంచి మన వీధి తలుపుకి కూడా ఆ కవరే. ఎవరికి తెరవాలో అదే చూసుకుంటుంది."

వకుళ చేతిలో గరిటె ఆగిపోయింది. హైమ ఆమె వైపు చూడబోయి చటుక్కున కళ్లు దించుకుంది. తన కళ్లు ఎలా ఉన్నాయో తనకి మాత్రం ఏం తెలుసు?