ఆఖరి కొర్రీ

"మీరు పెట్టిన కొర్రీకి జవాబు తెచ్చిన సర్. ఇగ సంతకం జేస్తరా, ఇంకోటి పెడ్తరా?"

హిమజ గుమ్మం బయట చెప్పులు విడిచి, సంచిలోంచి రెండు కాగితాలూ, ఉడకేసిన పల్లికాయల పొట్లమూ తీసి బల్లమీద పెట్టింది. సీతారామయ్య టీ పెట్టడానికి లేచాడు. ఇస్త్రీ మనిషి తప్ప ఆ వాకిట్లో ఇంకొకరి అలికిడై పదిహేను రోజులైంది.

నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆయన ఒక్కడే. ఉప్పల్‌లో ఒక పరిశోధన సంస్థలో వాతావరణ లెక్కలు కట్టి రిటైరయ్యాడు. భార్య తారామణి పోయి మూడేళ్లు. ఆవిడ పోయాక పేపరూ మాన్పించాడు, టీవీ మీద గుడ్డా కప్పాడు. వార్త తెలిస్తే మాత్రం ఎవరితో చెప్పుకోవాలి?

ఆర్నెల్ల కిందట ఒక ప్రభుత్వ బ్యాంకు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. కొంగరవెల్లి చెరువు పక్కన చిన్న విమానాశ్రయం కడతారట. అప్పు ఇచ్చే ముందు, రాబోయే ఎండలకూ వానలకూ అది నిలుస్తుందో లేదో బయటి నిపుణుడు ఒకరు చెప్పాలట. ఆ ఫైలు మోసుకొచ్చిన ఆఫీసరు హిమజ.

నిలవదని ఆయనకు పదిరోజుల్లోనే తేలిపోయింది. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, విమానం లేవాలంటే ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. అప్పు తీరడానికి ఇరవై ఏళ్లు. ఆలోపే మధ్యాహ్నపు ఎండకు ఆ రన్‌వే చాలకుండా పోతుంది. పొడిగిద్దామంటే చెరువు పూడ్చాలి. పూడిస్తే మొదటి పెద్దవానకే ఊరు మునుగుతుంది. ఇదంతా నాలుగు పేజీల్లో రాసి, సంతకం చేసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

ఇచ్చేస్తే ఆ పిల్ల ఇక రాదు. అంతకుమించి కారణం లేదు. ఉద్యోగంలో ఒక్కపూట ఫైలు ఆపని మనిషి ఇప్పుడు కొర్రీమీద కొర్రీ పెడుతున్నాడు. చెరువు ఎన్నిసార్లు అలుగు పారింది? గాలి ఎటు మళ్లుతుంది? కొంగలు ఏ నెలలో దిగుతాయి? పాత సహోద్యోగులు వింటే ముక్కున వేలేసుకుందురు. ఆమె రావడం మొదలయ్యాకే ఆయన చొక్కాలకు ఇస్త్రీ యోగం కూడా పట్టింది.

మొదట్లో ఆమె బ్యాంకు కారులో, మెడలో కార్డుతో దిగేది. "జర జల్దీ సర్, మా మేనేజర్ రోజూ అడుగుతున్నడు" అని నిలబడే మాట్లాడేది. మూడు నెలలుగా కారు లేదు, కార్డు లేదు. బోడుప్పల్ హాస్టల్ నుంచి షేర్ ఆటోలో, బ్యాంకుకు సెలవైన రెండో శనివారమూ నాలుగో శనివారమూ వస్తోంది. జవాబులు కూడా అచ్చులో కాక చేతిరాతలో ఉంటున్నాయి. తన చాదస్తానికి విసిగి బ్యాంకు కారు ఆపేసిందనీ, పాపం ఆ పిల్లకు సెలవు కూడా మిగలనివ్వడం లేదనీ ఆయనకు గుచ్చుకుంటూనే ఉంది.

"భోంచేశావా అమ్మా?" టీ కప్పు అందిస్తూ అడిగాడు.

"శనివారం హాస్టల్ల మెస్సుండది సర్. అందరు ఊర్లకు పోతరు. బయట తిన్న."

"నువ్వూ ఊరెళ్లకపోయావా?"

"పోతే ఏమున్నది సర్." ఆమె ఒక పల్లికాయ ఒలిచింది. "ఈసారి మస్తు కష్టమైన కొర్రీ ఇచ్చిన్రు. వానలెక్కల కోసం రెండు దినాలు తిరిగిన."

సీతారామయ్యకు తల కొట్టేసినట్టయింది. తనకు తోచక ఈ పిల్లచేత వెట్టిచాకిరీ చేయించడమేమిటి? లేచి సొరుగు తాళం తీశాడు.

"ఇదిగోనమ్మా రిపోర్టు. సంతకం కూడా అయింది. అప్పు ఇవ్వొద్దనే రాశాను."

హిమజ ముఖం వాడిపోయింది. పేజీలు అటూ ఇటూ తిప్పింది.

"అప్పుడే అయిపోయిందా సర్? కొంగల లెక్క ఇంకోసారి సూసుకుంటే మంచిదేమో. నేను మళ్ల అడిగొస్త."

"అక్కర్లేదు. మీ పైవాళ్లు ఏమన్నా అంటే ఆ నింద నామీద పెట్టెయ్."

"ఎవ్వరేమనరు సర్."

"ఇక నీకు ఈ తిప్పలు తప్పాయి."

"ఔ సర్. తప్పినయ్."

ఆమె రెండు కప్పులూ కడిగి బోర్లించింది. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. ఊరికే వస్తూ ఉండమ్మా అనబోయాడు ఆయన. పనీ పాటా లేకుండా ఈ ముసలివాడి ఇంటికి ఎవరొస్తారు? మాట మింగేసి, "జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు. వీధి మలుపు తిరిగేలోగా ఆమె రెండుసార్లు వెనక్కి చూసింది. ఇల్లు మళ్లీ మూగబోయింది.

కాసేపటికి ఇస్త్రీ శాంతాబాయి వచ్చింది. "సారూ, నీ అంగీలు."

"ఇకమీదట ఇస్త్రీ వద్దులే శాంతాబాయీ."

"ఏంది సారూ, మంచిగ చేస్తలేనా?"

ఆయన డబ్బులిచ్చి పంపేశాడు. లోపలికొచ్చి చొక్కాలకు చుట్టిన పాత పేపరు విప్పుతుంటే పెద్దక్షరాలు కంటబడ్డాయి. 'కొంగరవెల్లి విమానాశ్రయానికి బ్యాంకు రుణం మంజూరు.'

తన రిపోర్టు ఇంకా షేర్ ఆటోలోనే ఉండి ఉంటుంది, అప్పుడే ఎవరి రిపోర్టు చూసి అప్పు ఇచ్చేశారు? కళ్లజోడు సర్దుకుని పైన తేదీ వెతికాడు.

పేపరు మూడు నెలల కిందటిది.