నాలుగూ ఒకే సైజు

మంగళవారం ఉదయం ఆరూ యాభైకి సెర్రో దె లా మ్వెర్తె ఘాట్ రోడ్డులో, 78వ కిలోమీటరు రాయి దాటాక వచ్చే మలుపులో, వర్షంలో ఒక కారు అడ్డం తిరిగింది. లోయ అంచుకు మూరెడు దూరంలో నిలదొక్కుకుని రోడ్డు మీదే ఆగింది. లోపల ముగ్గురున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తొమ్మిదింటికి ఆ కారు ఎల్ ఎంపాల్మే ఊళ్ళో హసింతో టైర్ల షాపు ముందుకు వచ్చింది. నడిపిన ఒస్మార్ దిగి, అరిటాకుల్లో ఉడికించిన మొక్కజొన్నపిండి తమాలెల మూట బల్ల మీద పెట్టాడు. వెనక సీట్లో అతని భార్య యామిలెత్ రెండు నెలల బిడ్డకు పాలు పడుతోంది.

"శుక్రవారం మిమ్మల్ని నానా మాటలూ అన్నాను, దోన్ హసింతో."

"అన్నారు. నాకు మొండి గాడిద ఒక్కటే గుర్తుంది."

"మిగతావి నాకు గుర్తున్నాయి, కావాలంటే చెబుతాను," అంది లోపల్నుంచి హసింతో భార్య ఎల్వీరా. "గాడిద మాత్రం నిజమే."

శుక్రవారం జరిగింది ఇది. వెనక చక్రాలకు రెండు పెద్ద టైర్లు వేయమని ఒస్మార్ అడిగాడు. ముందువాటికన్నా వెడల్పూ ఎక్కువే, ఎత్తూ ఎక్కువే. బురదలో పట్టు బాగుంటుందని బావమరిది చెప్పాడు. హసింతో వేయనన్నాడు. వేస్తే నాలుగూ ఒకే సైజు వేస్తాను, లేదంటే కార్తాగోలో ఇంకో షాపు చూసుకోండన్నాడు. సరైన టైర్లు తెప్పించేదాకా, మూడు గంటలు, ఒస్మార్ తిడుతూనే కూర్చున్నాడు.

"కారు ముక్కు లోయవైపు తిరిగిపోయింది," అన్నాడు ఒస్మార్. "నేను చేసింది ఏమీ లేదు. స్టీరింగ్ పట్టుకుని ఉన్నానంతే. డాష్‌బోర్డు మీద జారే కారు బొమ్మ ఉంటుంది చూడండి, ఆ దీపం టకటకా కొట్టుకుంది. ఎవరో ఒక్కో చక్రాన్నీ విడిగా పట్టి ఆపినట్టు అనిపించింది. తిన్నగా నిలబడ్డాం."

"కారు జారకుండా పట్టే యంత్రం ఉంటుంది, దాని పని అదే. ఏ చక్రం ఎన్ని చుట్లు తిరుగుతోందో చూసుకుంటూ ఉంటుంది. వెనకవి పెద్దవైతే తక్కువ చుట్లు తిరుగుతాయి. దానికి ఆ సంగతి తెలీదు. ముందువి జారుతున్నాయనుకుని అక్కర్లేనప్పుడు బ్రేకు పట్టేస్తుంది. లేదా ఏమీ పాలుపోక దీపం వెలిగించి పడుకుంటుంది. ఊరికే వెలుగుతోందిలే అని మనం నడుపుకుంటూ పోతాం. కావలసిన రోజున అది లేవదు."

"మీకివన్నీ ఎవరు నేర్పారండీ?"

"ఒక కస్టమరు."

"ఆయనకీ నా దండాలు చెప్పండి."

హసింతో తలూపాడు.

యామిలెత్ బిడ్డతో కారు దిగింది. "అసలు మేం వచ్చింది ఇంకో పని మీద. ఆదివారం వీడికి జ్ఞానస్నానం. చర్చిలో వీణ్ణి ఎత్తుకుని మీరు జ్ఞానతండ్రిగా నిలబడాలి."

ఎల్వీరా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "నలభై ఏళ్ళుగా ఈయన్ని జనం వెతుక్కుంటూ వచ్చేది పంక్చరు పడ్డప్పుడేనమ్మా. ఇన్నాళ్ళకి మంచి పనికి పిలిచారు."

"పేరేం పెడుతున్నారు?" అన్నాడు హసింతో.

"ఎవేలియో. మా అన్న పేరు," అన్నాడు ఒస్మార్. "ఆరేళ్ళ కిందట ఆ మలుపులోనే పోయాడు. అక్కడ సిలువ ఉంటుంది, మీరు చూసే ఉంటారు. వాన, వేగం అని రాసుకున్నారు పోలీసులు. ఇవాళ అక్కడే కారు తిరిగేసరికి, మా అమ్మకు రెండో కొడుకూ పోయాడనుకున్నాను."

హసింతో నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ సబ్బు తీసుకుని ఇంకోసారి కడుక్కున్నాడు.

"నేను తగను. చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఇంటికొచ్చి అడుగుతుంటే బేరమాడతావేమిటయ్యా?" అంది ఎల్వీరా. "ఇది టైరు కాదు."

"నువ్వుండు. నీకు తెలీదు."

"దీనికీ మొండికేస్తే మళ్ళీ మూడు గంటలు ఇక్కడే కూర్చుంటాను," అన్నాడు ఒస్మార్. "ఈసారి కొత్త తిట్లు తెచ్చాను."

యామిలెత్ బిడ్డను హసింతో చేతుల్లో పెట్టింది. అతను వాడి ముఖంలోకి చూశాడు.

"ముందు నేను ఫాదర్‌తో మాట్లాడాలి," అన్నాడు.

జ్ఞానతండ్రి కాబోయేవారు ముందు రోజు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం ఆ చర్చిలో నియమం. శనివారం సాయంత్రం వరసలో ఏడుగురున్నారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టింది. హసింతో లోపలికి వెళ్ళి నలభై నిమిషాలైనా రాలేదు.

"మీ ఆయన తనవే చెబుతున్నాడా, ఊరందరివీ చెబుతున్నాడా?" అంది వరసలో ఉన్న ఒక ముసలావిడ.

"పాత టైర్లు కొత్తవని అమ్మినవన్నీ ఒక్కొక్కటే చెబుతున్నట్టున్నాడు," అంది ఎల్వీరా. వరసంతా నవ్వింది.

హసింతో బయటికి వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆదివారం పదకొండు గంటలకు చర్చి మెట్ల మీద ఒస్మార్ తల్లి దోన్యా ఎర్మెలిందా హసింతో కోసం నిలబడి ఉంది. ఆమెకు డెబ్భై రెండేళ్ళు. హసింతో రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అతను వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"కొడుకునీ కోడలినీ మనవణ్ణీ నాకు దక్కించావు నాయనా. నేనున్నన్నాళ్ళూ నా ప్రార్థనలో మొదటి పేరు నీదే."

"అలా అనకండమ్మా."

"అంటాను. నీ మొండితనం నా దగ్గర సాగదు."

లోపల బిడ్డను ఎత్తుకున్నది హసింతో. పేరు చెప్పవలసింది కూడా అతనే. ఫాదర్ అడిగాడు. హసింతో బిడ్డ మీది గుడ్డ సర్దాడు. ఫాదర్ ఆగి, మళ్ళీ అడిగాడు.

"ఎవేలియో," అన్నాడు హసింతో.

పదకొండూ ఇరవైకి నీళ్ళు పోశారు. బిడ్డ ఏడవలేదు.

ఆరేళ్ళ కిందట ఎవేలియో అడిగిన రెండు పెద్ద టైర్లనూ వెనక చక్రాలకు వేసింది హసింతోనే.