నిండా ఛార్జింగ్

కారు ఉలకలేదు, పలకలేదు.

మేనేజరుగారు మళ్లీ బటన్ నొక్కారు. సెల్లారులో బండి బండలా పడి ఉంది.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన కారు! కరెంటు అయిపోతే పెట్రోలు మీదైనా పోతుందని ముచ్చటపడి కొన్న కారు! మొండికేయడానికి ఇవాళే దొరికిందా దీనికి?

ఇందాకే ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మీ అమ్మాయికి చాలా సీరియస్‌గా ఉందండి. మిమ్మల్నే అడుగుతోంది. వెంటనే రండి."

తనకిష్టం లేని పెళ్లి చేసుకుందని ఆ పెళ్లికీ వెళ్లలేదు, ఏళ్ల తరబడి కూతురి గడపా తొక్కలేదాయన. ఒక్క ఫోన్‌తో ఆ పంతమంతా నీరుగారిపోయింది. బయట చూస్తే కుండపోత వాన. టాక్సీ ఒక్కటీ దొరకలేదు.

"స్టార్ట్ కావట్లేదా సార్?"

తడిసిన చొక్కాతో ఓ యువకుడు. వెనకాల అతని కారు.

"ఛార్జింగ్ నిండా ఉందయ్యా!"

"అది పెద్ద బ్యాటరీ సార్. దాన్ని లేపే చిన్న బ్యాటరీ ఇంకోటి ఉంటుంది. అది డౌనైనట్టుంది. నా కారు నుంచి వైర్లు తగిలిద్దాం, ఇట్టే లేస్తుంది."

"ముట్టుకోకు! ఇది హైబ్రిడ్ బండి. ఎవరు పడితే వాళ్లు చెయ్యి పెడితే మొత్తం కాలిపోతుంది."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మేనేజరుగారు మళ్లీ ఛార్జరు తగిలించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"పోనీ, నా కార్లో రండి సార్. దింపేస్తాను."

"ముక్కూ మొహం తెలియనివాళ్ల కారు నేనెక్కను."

అతని ఫోన్ మోగింది. వింటూనే పాలిపోయాడు.

"టైం లేదు సార్. దండం పెడతాను, రండి!"

"అవతల చావుబతుకుల్లో ఉన్నది నా కూతురు. మధ్యలో నీకెందుకయ్యా అంత తొందర?"

అతను ఏదో చెప్పబోయి మానుకున్నాడు. పరుగున కారెక్కి వెళ్లిపోయాడు.

ఎప్పటికో కంపెనీ మెకానిక్ వచ్చాడు. చిన్న బ్యాటరీకి వైర్లు తగిలించగానే కారు లేచింది.

"ఈమాత్రానికి నేనెందుకు సార్? ఏ కారాయన్ని అడిగినా అయిపోయేది."

ఆస్పత్రికి చేరేసరికి కూతురి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

"వచ్చానమ్మా, నాన్నని వచ్చాను తల్లీ!" మేనేజరుగారు మంచం పట్టుకుని కూలబడిపోయారు.

అవతలి పక్క, ఆమె చెయ్యి వదలకుండా ఇందాకటి యువకుడు కూర్చుని ఉన్నాడు.

"నువ్వు... నువ్విక్కడ?"

అతను తలెత్తలేదు.

"'ఎవరివో చెప్పకు, చెబితే నాన్న కారెక్కరు' అని తనే పంపింది, మామయ్యా."