ఎర్రమామ రెండో ముద్ద

ఈ భూమండలాన్ని ఏడుసార్లు మింగి, ఏడుసార్లు మెత్తగా చేసి వదిలిన వానపాము ఎర్రమామ. ఏడంటే నమ్మరా? పోనీ, ఆరు! రైతు ఏటా ద్రాక్షతోటకు పశువుల పెంట తోలించేవాడు. మామ, అతని లక్షమంది బంధువులు దాన్ని తిని మట్టిని వెన్న చేసేవారు. అప్పట్లో ఒక్కో గుత్తిని మోయడానికి రెండెడ్ల బండి కావలసి వచ్చేది.

ఒక ఏడాది ద్రాక్షతీగ ముక్కు మూసుకుంది. "ఛీ, నా పాదాల దగ్గర ఈ కంపేమిటి? పక్కతోటకు వేసినట్టు నాకూ పంచదారలాంటి తెల్ల ఎరువు వెయ్యి" అంది రైతుతో.

"అమ్మాయీ, ఆ ఎరువు మా ఒంటికి నిప్పే. మేం పోతే నీ వేళ్లకు దారి ఎవరు తొలుస్తారు?" అన్నాడు మామ.

"కళ్లూ కాళ్లూ లేనివాడివి, నువ్వా నాకు దారి చూపేది?" అని తీగ పకపకా నవ్వింది.

తెల్ల ఎరువు పడింది. రెండేళ్లు తోట విరగకాసింది. మామ బంధువులు మాత్రం ఒక్కొక్కరే మాడిపోయారు. మూడో ఏటికి నేల బండబారింది, ఆకులు రాలాయి. తీగ ఏడిస్తే రైతు మళ్లీ పెంట తోలించాడు. అది నేలమీదే ఎండి పిడక కట్టింది. తినేవాళ్లేరీ?

ఎరువు సోకని గట్టు నీడలో మిగిలిన మామ ఒక్కడే పాక్కుంటూ వచ్చి ఒక ముద్ద మింగాడు.

"నేల మళ్లీ మెత్తబడ్డానికి ఎన్నాళ్లు పడుతుంది మామా?" అంది తీగ.

"మావాళ్లుంటే ఒక్క వానాకాలం తల్లీ. ఇప్పుడు నేనొక్కణ్ణే కదా."

తీగ చివరి ఆకు రాలి అతని పక్కన పడింది. మామ దాన్ని బొరియలోకి లాక్కుని రెండో ముద్ద మొదలుపెట్టాడు.