ఆ గోడ విప్పమ్మాయ్

వాన మొదలైన పది నిమిషాలకే మంచం మూల మళ్లీ తడిసింది.

రోవెనా చేతిలోని స్పాంజిని విసిరికొట్టింది.

కిటికీ రబ్బర్లన్నీ మార్చింది. పైకప్పు అతుకులు గీకి కొత్తగా సీలెంటు పూసింది. మూడు వారాల చాకిరీ. అయినా ఆ ఒక్క మూల నీళ్లు ఊరుతూనే ఉన్నాయి.

ఆమె విట్బీ అనే ఊళ్లో ఒక స్కూల్లో వంటమనిషి. అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అందుకే కారుకి తగిలించి లాక్కెళ్లే ఈ యాభై ఏళ్లనాటి చక్రాల ఇల్లు, కారవాన్, కొని, స్నేహితురాలు ఎనిడ్ గొర్రెల దొడ్లో పెట్టి బాగుచేసుకుంటోంది. చలికాలానికి ఇక అదే ఇల్లు.

"నీళ్లు కనిపించేది అక్కడే గానీ, వచ్చేది అక్కణ్ణుంచి కాదు."

ఉలిక్కిపడి తిరిగి చూసింది.

తలుపు బయట ఓ ముసలాయన. గొడుగు లేదు. టోపీ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో!

"ఎవరు కావాలండీ?"

ఆయన కారవాన్ గోడకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు.

"వాన పడితేనే నోరు విప్పుతుంది ఇది" అన్నాడు చివరికి. "ఇందులో పడుకుంటున్నావా అమ్మాయ్?"

"ఏమిటీ?"

"రాత్రిళ్లు. ఒక్కదానివేనా?"

రోవెనా తలుపు సగం మూసింది. "మీకెందుకండీ? వెళ్లండి ముందు."

ఆయన వెళ్లిపోయాడు.

ఎండగా ఉన్న రోజుల్లో ఆయన జాడే లేదు. చినుకు పడితే చాలు, దొడ్డి గేటు దగ్గర ఆ టోపీ కనిపించేది.

"ఎవరే ఎనిడ్, ఆ ముసలాడు?"

"పేరు సైలస్ అట. చేపల వేపుడు కొట్టు పైగదిలో దిగాడు. నీ డబ్బాని రోడ్డు మీద లాక్కొస్తుంటే చూసి, ఊరూరా వాకబు చేసుకుంటూ వచ్చాడట." ఎనిడ్ కన్ను గీటింది. "నీమీదే మనసుపడ్డాడేమో చూసుకో!"

రోవెనాకి నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం జోరువానలో స్కూలు నుంచి వచ్చేసరికి కారవాన్ తలుపు తీసి ఉంది.

సైలస్ లోపలున్నాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె దిండు పెట్టుకోబోయే చోట గోడని అరచేత్తో మెల్లగా తడుముతున్నాడు.

"బయటికి నడు! పోలీసుల్ని పిలుస్తా!"

"గ్యాస్ హీటరు వెలిగించావా?"

"నడవమన్నానా!"

"ముందు ఈ గోడ విప్పమ్మాయ్. విప్పకుండా పడుకోకు. పడుకుంటే ఇక లేవవు."

ఆమె ఆయన భుజం పట్టుకుని బయటికి తోసింది. ఆయన తూలాడే గానీ ఎదురు తిరగలేదు. చీకటి పడేదాకా గేటు దగ్గర తడుస్తూనే నిలబడ్డాడు.

ఆ తర్వాత రెండుసార్లు వాన పడింది. ఆయన రాలేదు.

'పీడ విరగడైంది' అనుకుంది.

శనివారం పొద్దున పరుపూ దుప్పట్లూ తెచ్చుకుంది. సన్నగా వాన. తలుపు మూసి, మొదటిసారి హీటరు వెలిగించింది. పావుగంటకల్లా తల దిమ్మెక్కింది. కణతలు పోట్లు. సీలెంటు వాసన పడలేదేమో అనుకుని హీటరు ఆపి, కాసేపు బయట తిరిగి వచ్చింది.

మంచం మూల మళ్లీ తడిసి ఉంది. కొత్త పరుపుతో సహా.

కోపం ఆగలేదు. ఇనప బద్ద తీసుకుని గోడ చెక్కని ఊడబెరికింది.

లోపల హీటరు నుంచి పైకప్పుకి పోయే పొగ గొట్టం. కప్పు మీది మూత కింద నుంచి వాననీరు దూరి, ఆ గొట్టం వెంబడే జారుతోంది. ఇన్నాళ్లూ ఆమెని ఏడిపించిన లీకు అదే!

"దొరికావే!" అని గట్టిగా అరిచింది.

అప్పుడు చూసింది. గొట్టం అతుకు బొటనవేలంత విచ్చుకుని ఉంది. చుట్టూ చెక్కంతా నల్లగా మసిబారింది. సరిగ్గా దిండు ఎత్తులో.

పొగ గొట్టంలోంచి పైకి పోవడం లేదు. లోపలికే వస్తోంది. నిద్రలోనే ప్రాణం తీసే విషవాయువు, వాసనైనా లేకుండా.

రోవెనా ఒక్క గెంతులో బయటికి వచ్చి తడిగడ్డిలో కూర్చుంది.

మర్నాడు అల్లం కేకు చేసి, చేపల కొట్టుకి పట్టుకెళ్లింది.

"ఆలస్యం చేశావమ్మా" అంది కొట్టావిడ. "తడిసి తడిసి నిమ్ము చేసింది. గురువారం ఆస్పత్రిలో పోయాడు."

అంత్యక్రియలకి తనొక్కతే ఉంటుందనుకుంది. చర్చిలో ముప్పైమంది దాకా ఉన్నారు. ఒకరికొకరు తెలిసినవాళ్లలా లేరు.

పక్కన కూర్చున్నాయన మెల్లగా అడిగాడు. "మీదీ ఆ కాలం కారవానేనా?"

"మీకెలా తెలుసు?"

"నన్నూ గోడ విప్పేదాకా వదల్లేదు. మా నలుగురు పిల్లలూ అందులోనే పడుకునేవాళ్లు."

ముందు వరసలో ఒక ముసలావిడ ఉంది. సైలస్ అక్క. రోవెనా వెళ్లి ఆమె చేతులు పట్టుకుంది.

"ఆయన్ని మెడపట్టి గెంటానమ్మా" అంది. "గవర్నమెంటు ఇన్‌స్పెక్టరా ఆయన?"

"కాదు తల్లీ. ఫ్యాక్టరీలో ఆ గొట్టాలు బిగించింది వాడే. తర్వాత కంపెనీ మూతపడింది. బళ్లు దేశమంతా చెదిరిపోయాయి. వాడు వెతుక్కుంటూ తిరిగాడు."

"తన పని తప్పని ఆయనకెప్పుడు తెలిసింది?"

ఆమె శవపేటిక వైపు చూసింది.

"మొదటి బండి వాడే కొనుక్కున్నాడు" అంది. "పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ ముందు సముద్రం ఒడ్డుకి పంపి, నైట్ డ్యూటీ ముగించుకుని పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టాడు... ఎవరూ తియ్యలేదు."