ఎర్ర కారుతో తిజ్నిత్ దాకా

టాంజియర్‌లో ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారుని లారీ మీద కట్టేస్తుంటే, బెల్టులకి రంగు గీసుకుపోకుండా తూరియా తన శాలువా మడిచి కింద పెట్టింది. కారు ఆమె మొదటి భర్తది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు దాన్ని ఎక్కడో దక్షిణాన తిజ్నిత్‌లో ఉన్న ఆయన తల్లికి చేర్చాలి. లారీ నడిపేది ఇద్రీస్, తూరియా రెండో మొగుడు.

గుంత వచ్చినప్పుడల్లా, "నెమ్మదిగా పోనివ్వు, అదిరిపోతోంది!" అనేది.

"నా నడుం మీద ఇంత జాలి ఎప్పుడైనా చూపించావా?"

"నీ నడుం విరిగితే డాక్టరున్నాడు. దీనికి సామాన్లు దొరకవు," అని నవ్వింది.

ఇద్రీస్‌కి నవ్వు రాలేదు. పోయినవాడు తమ ఇద్దరి మధ్యా కూర్చుని వస్తున్నట్టుంది. ఆగిన చోటల్లా ఆమె కారు అద్దాలు తుడుస్తోంది. తన లారీ అద్దం ఒక్కనాడైనా తుడిచిందా?

అగాదిర్‌లో టీకి ఆగినప్పుడు, ఆమె చూడకుండా కారుకి కట్టిన ఒక బెల్టు వదులు చేశాడు. కానీ రెండు గుక్కలయ్యాక టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. వెళ్లి మళ్లీ బిగించాడు.

తిజ్నిత్‌లో ముసలామె కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తూరియా ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, ఇద్రీస్‌ని ముందుకు తోసింది.

"అత్తయ్యా, మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ మనిషిని తెచ్చి చూపించాలన్నావుగా. ఊరికే రమ్మంటే ఈయన నీ గడప తొక్కడు. అందుకే కారు వంక పెట్టాను."

ముసలామె కారు వైపు చూడనేలేదు. ఇద్రీస్ చెంప నిమిరి, "ఎండన పడి వచ్చావు, లోపలికి రా కొడుకా," అంది.